కింద ఉన్నవాడి వాటా

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ పెళ్లయిన వారానికే అంది, ఆ తరవాత అనడం మానలేదు. బస్సెక్కే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి టైర్లు చూస్తాను. రాజోలు బస్టాండులో ఒక కండక్టరు నన్ను కాసేపు గమనించి, "ఏంటండి, కొంటారా?" అని అడిగాడు కూడా. మంచం మీద కూర్చునే ముందు పట్టె పట్టుకుని ఊపుతాను. మా పెళ్లికి చర్చి ముందు వేసిన పందిరి రాటను నేను లాగి చూశానని అత్తారివైపు వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నవ్వుకోనీ. పదేళ్లు సైన్యానికి హెలికాప్టరు నడిపినవాణ్ని, రాట ఊగితే ఏమవుతుందో నాకు తెలిసినట్టు వాళ్లకేం తెలుసు.

మా వృత్తిలో ఎగరడం కంటే ముందు అనుమానించడం నేర్పుతారు. మెకానిక్కులు పొద్దున్నే హెలికాప్టరును విప్పి చూసి, బిగించి, పుస్తకంలో సంతకాలు పెడతారు. ఆ సంతకాలన్నీ చూశాక కూడా పైలట్ మళ్లీ చుట్టూ తిరగాల్సిందే. ప్రతి మూతా నొక్కాలి. నూనె కారుతోందేమోనని సందుల్లో వేలు పెట్టాలి. తోక మీద చెయ్యేసి ఊపాలి. "చూశానని దేవుడే దిగి వచ్చి చెప్పినా, నువ్వు చూడు" అనేవాడు నాకు నేర్పిన ఆఫీసరు. పదేళ్లు అలా చూశాక ఆ చూపు మనతోపాటు ఇంటికి వచ్చేస్తుంది. ఆ చూపుతో నేను మూడేళ్లు మా ఆవిణ్ణి చూశాను. ఆ సంగతే రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ముందు మా నాన్న గురించి చెప్పాలి. నాన్న కొబ్బరి దింపు తీసేవాడు. అంటే ఆసాముల తోటల్లో చెట్లెక్కి, ముదిరిన గెలలు కోసి దింపడం. రాజోలు దగ్గర మా పేటలో సగంమంది మగవాళ్లకి అదే పని. చిన్నతనంలో కత్తి జారి ఆయన ఎడమచేతి బొటనవేలు నిలువునా చీలిందట. అది మానినా వేలి మధ్యలో లోతుగా ఒక గాడి మిగిలిపోయింది. నన్ను ఎత్తుకున్నప్పుడల్లా ఆ గాడి నా చర్మానికి తెలిసేది.

దింపు వాళ్లకి ఒక పద్ధతి ఉండేది. ఎవడి తాడు వాడు చూసుకోడు. ఇద్దరిద్దరు జతగా ఉంటారు. చెట్టెక్కే ముందు కాళ్లకు వేసుకునే తాడునీ, నడుముకు చుట్టుకునే తాడునీ జతగాడి చేతికిస్తారు. అతను లాగి, మెలి విప్పి, వేళ్లతో తడిమి చూసి తిరిగిస్తాడు. తాడుతోపాటు మనిషినీ ఎగాదిగా చూస్తాడు. "ఇవాళ నువ్వు కిందుండు" అన్నాడంటే ఇక ఆ రోజు చెట్టెక్కకూడదు. ఎందుకని అడగకూడదు. అన్నవాడు కారణం చెప్పకూడదు. కింద ఉన్నవాడు కాయలు ఏరి రాశి పోస్తాడు. సాయంత్రం కూలి పంచుకునేటప్పుడు మాత్రం ఎక్కినవాడికీ కింద ఉన్నవాడికీ వాటా సమానం. నాన్న జతగాణ్ని నేను బాబాయ్ అనేవాణ్ని. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. ఆ గుంపులో అక్షరం ముక్క వచ్చినవాడు ఆయనొక్కడే.

నాకు చిన్నప్పుడే ఈ పద్ధతి నచ్చేది కాదు. మన ప్రాణం ఇంకొకడి చేతిలో పెట్టడమేంటి? బాబాయ్‌కి నాన్న మీద లోపల కడుపుమంట ఉంటే? ఇదే అమ్మతో అంటే, "ఏడిశావులే, అన్నం తిను" అంది.

అమలాపురం కాలేజీలో ఎన్.సి.సి.లో చేరి, అక్కడి నుంచి పరీక్షలు రాసి, డెబ్భైల మొదట్లో పైలట్ శిక్షణకు ఎంపికయ్యాను. మా పేటలో ఎవరూ నమ్మలేదు. నా గుణగణాలు వాకబు చేయడానికి రాజోలు నుంచి పోలీసు వస్తే, ఇరుగుపొరుగు అంతా కూడబలుక్కున్నట్టు "అలాంటి అబ్బాయి ఇక్కడెవరూ లేరండి" అన్నారు. పోలీసు వెతుక్కుంటూ వచ్చాడంటే దాచేయడమే వాళ్లకు తెలిసిన సాయం. నేను సైకిలు తొక్కుకుంటూ వెనకాలే వెళ్లి, ఆ కానిస్టేబుల్‌ని బతిమాలి వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది.

శిక్షణకు వెళ్లాలంటే తండ్రి ఒప్పుకున్నట్టు కాగితం కావాలన్నారు. నాన్నకు సంతకం రాదు. తాలూకా ఆఫీసులో గుమాస్తా ఎదురుగా వేలిముద్ర వేయాలి. నాన్న ఆ రోజు ఆదివారం చొక్కా తొడుక్కుని వచ్చాడు. ముద్ర వేస్తే మధ్యలో తెల్లగా చీలిపోయి, చుట్టూ సిరా అలుక్కుపోయింది. గుమాస్తా ముఖం చిట్లించి, "ఇది ముద్రా, సిరా మరకా? మళ్లీ వెయ్యి" అన్నాడు. రెండోసారీ అంతే. మూడోసారి నాన్న వేలు ఎత్తి ఆయనకు చూపించి, "ఇది నా వేలేనండి బాబూ. ఇంకెవడికీ ఉండదండి ఇలాంటిది" అన్నాడు.

గుమాస్తా ఇక చేసేది లేక కాగితం చదివి వినిపించాడు. కుర్రాడికి గాల్లో ఏదైనా జరిగితే తండ్రిగా నాకు అభ్యంతరం లేదు అని ఉంది అందులో. నాన్న నా వైపు తిరిగాడు.

"అక్కడ నీ తాడు ఎవరు చూస్తార్రా?"

"చాలామంది ఉంటారు నాన్నా. సంతకాలు కూడా పెడతారు."

"నిన్నెవరు చూస్తారు?"

"డాక్టర్లుంటారు."

నాన్న ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు. అయినా కాగితం ముందుకి తోశాడు.

ఆ ఉద్యోగం నాకు ఏమిచ్చిందంటే చెప్పుకోవడానికి చాలా ఉంది. మొదటిసారి ఒంటరిగా గాల్లోకి లేచిన పొద్దున పైన ఒక్కణ్నీ గట్టిగా కీర్తన పాడుకున్నాను. మంచు కొండల్లో జబ్బుపడిన సిపాయిని కిందికి తెస్తే అతను దిగేటప్పుడు నా బూటు ముట్టుకున్నాడు. ఒక ఏడు గోదావరి పొంగినప్పుడు లంకల మీద అన్నం పొట్లాలు వేయడానికి ఈ ప్రాంతం తెలిసినవాణ్నని నన్నే పంపారు. కపిలేశ్వరపురం దాటాక కిందికి చూస్తే, బురద నీళ్ల మధ్య వేలాది కొబ్బరి తలలు. నాన్న ఎన్నో ఏళ్లుగా రోజుకు కొన్ని చొప్పున చూసిన తలలు నేను ఒక్క చూపులో చూశాను. కళ్లలో నీళ్లు తిరిగి పక్కన ఉన్నవాడికి కనబడకుండా తుడుచుకున్నాను. నా ఉద్యోగంలో అంత ఆనందపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఇంకోటి కూడా ఇచ్చింది. మొదటిసారి యూనిఫాంలో సెలవుకు వచ్చినప్పుడు నాన్నకు అన్నం పట్టుకుని తోటలోకి వెళ్లాను. తోట ఆసామి అరుగు మీద నుంచి లేచి, "రండి బాబూ, కూర్చోండి" అని కుర్చీ వేయించాడు. మా వాళ్లెవరూ ఆ అరుగు మీద అంతకు ముందు కూర్చోలేదు. నేను అక్కడ కుర్చీలో, నాన్న ఎదురుగా చెట్టు మీద. ఒళ్లు మండిందో, పొంగిపోయానో నాకిప్పటికీ తేలలేదు. ఆసామి నవ్వు వెనక ఏముందోనని చూస్తూనే కాఫీ తాగాను. కానీ ఆ కుర్చీ నాకు అలవాటైపోయింది. ప్రతి సెలవుకీ వెళ్లి కూర్చునేవాణ్ని.

ఇచ్చినదానికి తగ్గట్టు తీసుకుంది కూడా. పెళ్లయిన ఐదేళ్లలో మా ఆవిడతో కలిసి ఉన్న నెలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నేనుండే చోట కుటుంబాలకు వీలుండేది కాదు. ఆవిడ మా ఊరి దగ్గరే బళ్లో టీచరుగా చేస్తూ అమ్మానాన్నల దగ్గరే ఉండేది. నా పక్క గదిలో ఉండే స్నేహితుడు ఒకరోజు పొద్దున వెళ్లి తిరిగి రాలేదు. అతని పెట్టె నేనే సర్దాను. సగం రాసిన ఉత్తరం ఉంటే ఇంటికి పంపాలో వద్దో తేలక రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. వీటన్నిటికీ మించి ఏటా ఒకసారి మెడికల్ పరీక్ష ఉండేది. కళ్లు, చెవులు, గుండె. ఎక్కడ చిన్న తేడా కనబడినా కింద కూర్చోబెడతారు. ఆ పరీక్ష దగ్గరికొస్తే మాలో మగధీరులనుకున్నవాళ్లు కూడా దగ్గు ఆపుకుంటూ తిరిగేవాళ్లు.

ఎనభైల మధ్యలో ఒకరోజు కొండ మీద చిన్న జాగాలో దిగుతున్నాను. వెనక నలుగురున్నారు. దిగే చోటు చూద్దామని తల ఎడమకి తిప్పాను. తలతోపాటు లోకం తిరిగింది. తల ఆగింది, లోకం ఆగలేదు. పక్కకి ఒరిగిపోతున్నామని ఒళ్లంతా చెప్తోంది. ఎదురుగా గడియారాల్లాంటి పరికరాల్లో ముళ్లు మాత్రం నిటారుగా ఉన్నామంటున్నాయి. నా ఒంటిని పక్కన పెట్టి ముళ్లను నమ్మి దించాను. అంతా కలిపి నాలుగైదు సెకన్లు. పక్కన కూర్చున్న పైలట్ నా వైపు చూసి ఏమైందని అడిగాడు. "గాలి" అన్నాను. రెండు వారాలకు మళ్లీ అలాగే అయింది. అప్పుడూ గాలే అన్నాను.

డాక్టరుకి చెప్పలేదు. బోల్టు బోల్టునూ అనుమానించేవాణ్ని, నా చెవి లోపల ఏదో చెడిందని తెలిసి కూడా దాచేశాను. చెప్తే కింద ఉంచుతారు. కింద ఉంటే నేనెవర్ని? చెట్లెక్కేవాడి కొడుకుని, అంతే కదా. ఆ కుర్చీ మళ్లీ వేస్తారా? మెడికల్‌కి ముందు నెల రోజులు సెలవు దొరికింది. ఇంటికెళ్లి బాగా నిద్రపోతే అదే సర్దుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

బస్సు జొన్నాడ వంతెన ఎక్కగానే కిటికీలోంచి చూపు తిప్పేసుకున్నాను. అంతకు ముందు గోదావరి కనబడితే పిల్లాడిలా కిటికీలోంచి తల బయటపెట్టేవాణ్ని. ఇంటి దగ్గర ఎవరికీ అనుమానం రాకుండా జాగ్రత్తపడ్డాను. తల కడుక్కునేటప్పుడు గోడ పట్టుకునేవాణ్ని. మంచం మీద నుంచి లేచాక చెప్పులు వెతుకుతున్నట్టు కాసేపు కూర్చునేవాణ్ని. మా ఇంటికీ రోడ్డుకీ మధ్య ఒక పంటబోదె ఉంది. దాని మీద వంతెనగా ఒక కొబ్బరి దుంగ వేసి ఉంటుంది. పుట్టినప్పటి నుంచి దాని మీద పరిగెత్తినవాణ్ని, ఈసారి అర మైలు చుట్టూ తిరిగి చప్టా మీద నుంచి వచ్చాను.

"చుట్టూ తిరిగొస్తన్నావేంట్రా?" అన్నాడు నాన్న.

"నడక మంచిదంట నాన్నా."

నాన్న మర్నాడు కూడా నేను వచ్చే వేళకు బోదె ఒడ్డునే కూర్చుని ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. ఇంట్లో అందరూ నన్నే చూస్తున్నట్టు ఉండేది. మా ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, నేను తాగేదాకా కదిలేది కాదు.

"ఒంట్లో బానే ఉందా అండి?"

"బానే ఉంది. ఎందుకు అడుగుతున్నావు?"

"అడక్కూడదా?"

"నీకెవరైనా ఏమైనా రాశారా?"

"ఏం రాస్తారండి? అసలు రాయడానికేముంది?" అంది. ఆ ఎదురు ప్రశ్న నాకు నచ్చలేదు. మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

ఆ వారమే తోటలో దింపు పడింది. నేను కూడా వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. నాన్న తాళ్లు బాబాయ్ చేతికిచ్చాడు. బాబాయ్ తాళ్లు చూసి, నాన్న ముఖం చూసి, తిరిగి ఇవ్వకుండా భుజాన వేసుకున్నాడు.

"అన్నా, ఇవాళ నువ్వు కిందుండు."

నాన్న కత్తి తీసి చెట్టు మొదట్లో గుచ్చి, బుట్ట పట్టుకుని కాయలు ఏరడానికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు భగ్గుమంది. ఆసామి చూస్తుండగా మా నాన్నను అలా నిలబెట్టేస్తాడా? పెద్ద చెట్లన్నీ తనే కొట్టేద్దామని చూస్తున్నాడని అనుకున్నాను. కుర్చీ దిగి నాన్న దగ్గరికెళ్లాను.

"ఎందుకు అని కూడా అడగవేంటి నాన్నా?"

"అడక్కూడదు కదరా."

"ఆయనకి వేరే ఉద్దేశం ఉంటే?"

"ఉంటే నా వాటా తగ్గిచ్చి ఇత్తాడు. తగ్గలేదు ఎప్పుడూ." కాయ ఎత్తి బుట్టలో వేసి, "నాకు పై మట్టలు మసగ్గా కనపడతన్నాయి. ఆడికి నేను చెప్పలేదు. చెప్పుకోబుద్ధి కాలేదు. ఆడే చూశాడు" అన్నాడు.

నాన్న ఇంకో కాయ కోసం వంగి, లేవకుండానే అడిగాడు.

"నీకు అలా చెప్పేవోడున్నాడా అక్కడ?"

"డాక్టరున్నాడని చెప్పాను కదా."

"ఆ డాక్టరు రోజూ నీ మొకం చూత్తాడా? నువ్వు చెప్తేనే కదా ఆయనకి తెలిసేది."

"నాకేమైందని చెప్పాలి?" అని గట్టిగా అరిచేశాను. చెట్టు మీద నుంచి బాబాయ్ కిందికి తొంగి చూశాడు. నాన్న బుట్ట ఎత్తుకుని రాశి దగ్గరికి నడిచాడు. నేను తల పైకెత్తి బాబాయ్‌ని చూద్దామనుకుని, తిరుగుతుందేమోనని భయపడి ఎత్తలేదు. అది కూడా నాన్న చూశాడని ఇప్పుడు అనిపిస్తుంది.

వెళ్లే ముందు ఎప్పటిలాగే డజను కవర్ల మీద ఇంగ్లీషులో నా పేరు, అడ్రసు రాసి అమ్మ బైబిలు కింద పెట్టాను. మా ఇంట్లో ఇంగ్లీషు అడ్రసు తప్పులు పోతే ఉత్తరాలు నెలల తరబడి దారి తప్పేవి. ప్రతి సెలవుకీ నేను చేసే ఆఖరి పని అదే.

యూనిట్‌కి చేరిన పది రోజులకు మెడికల్. ముందు రోజు డాక్టరు పిలిపించాడు. ఆయన బల్ల మీద ఒక కవరు ఉంది. దాని మీద ఉన్నది నా చేతిరాత. నా పేరు ఒక అడ్డగీతతో కొట్టేసి, పైన తెలుగులో "డాక్టరు గారికి" అని ఉంది.

"ఇది నీకు నువ్వే రాసుకున్నావా?" అని అడిగాడు.

టపా పంచే తెలుగతను పైన రాసింది చూసి దాన్ని నేరుగా ఆయనకు ఇచ్చాడట. లోపలి ఉత్తరాన్ని కూడా ఆయన అతని చేతే చదివించుకున్నాడట. ఇతనికి కళ్లు తిరుగుతున్నాయి, పరీక్ష చేయండి అని రాసి ఉందని, రాసినవాళ్ల పేరు లేదని చెప్పాడు. ఉత్తరం చూపించమంటే ఫైల్లోకి వెళ్లిపోయిందన్నాడు. మర్నాడు నన్ను గిర్రున తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి తిప్పారు. ఆపాక నా కళ్లు చూసి డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. ఇంకో ఆస్పత్రికి పంపారు, అక్కడా అదే మాట. చెవి లోపల జబ్బు. మళ్లీ ఎగరడానికి లేదు. మైదాన ప్రాంతంలో ఒక ఊళ్లో కొత్తవాళ్లకు క్లాసులో వాతావరణం గురించి పాఠం చెప్పే పనికి మార్చారు.

ఎవరు రాశారు? నాకు అదొక్కటే పట్టుకుంది. మొదట అనుమానం ఆసామి మీదికి పోయింది. ఆయన గారికి ఆకాశరామన్న ఉత్తరాలు రాసే సరదా ఉందని మా ఊళ్లో అనుకునేవాళ్లు. కానీ కవరు మా ఇంట్లోది. అమ్మకు చదవడమే వచ్చు, రాయడం రాదు. నాన్న సంతకం కూడా చేయలేడు. పైగా మావాడు గాల్లో ఉంటాడని పేటంతా చెప్పుకునే మనిషి నన్ను దింపించుకుంటాడా? ఇక మిగిలింది మా ఆవిడ. టీచరు. భర్త నేల మీద ఉంటే బాగుండునని ఎప్పుడూ కోరుకునే మనిషి. "అసలు రాయడానికేముంది" అన్న మాట గుర్తొచ్చింది. ఇక నాకు సందేహం లేదు.

తరవాతి సెలవుకు వెళ్లి చెప్పులు విప్పకుండానే అడిగాను.

"నేను రాయలేదండి" అంది.

"ఇంకెవరికి వచ్చు ఈ ఇంట్లో రాయడం?"

"నేను రాస్తే కింద నా పేరు రాస్తానండి. పేరు లేకుండా రాయాల్సిన ఖర్మ నాకేంటి?"

నమ్మలేదు. తెలియకుండా ఆవిడ బళ్లో పిల్లలకు దిద్దిన పుస్తకాలు తెచ్చి, "డ" ఎలా రాస్తుందో చూశాను. నాకు గుర్తున్నంతవరకు కవరు మీది "డ" అలా లేదు. ఎడం చేత్తో రాసి ఉంటుందనుకున్నాను. కొత్త ఊళ్లో క్వార్టర్ ఇచ్చారు, ఆవిడ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాపురం. నేను మాత్రం అన్నం ఎదురుగా కూర్చుని అవసరమైన మాట తప్ప మాట్లాడేవాణ్ని కాదు. ఆవిడ ఎవరికైనా ఉత్తరం రాస్తుంటే వెనక నుంచి నడిచేవాణ్ని. పైన హెలికాప్టరు చప్పుడు వినబడితే, చూశావా నువ్వు చేసిన పని అన్నట్టు ఆవిడ వైపు చూసేవాణ్ని. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. మూడేళ్లు ఇలాగే నడిచింది. ఆ మధ్య నాన్న కూడా చెట్లెక్కడం పూర్తిగా మానేశాడని తెలిసింది. కళ్లు బాగా మందగించాయేమోలే అనుకున్నాను.

మూడో ఏడాది మళ్లీ మెడికల్ బోర్డు. కొత్త డాక్టరు నా ఫైలు నా ఎదుటే తిరగేస్తూ మధ్యలో ఒక కాగితం దగ్గర ఆగి, దాన్ని నా వైపు తిప్పాడు.

"ఇదేం భాష?"

పిల్లల రూళ్ల పుస్తకంలోంచి చింపిన కాగితం. అక్షరాలు పెద్దవి, వంకర టింకరవి. ఐదో తరగతి దాకా చదివి ఆపేసినవాడి అక్షరాలు. ఇలా ఉంది:

"డాక్టరు గారికి నమస్కారం అండి. మావోడికి తల తిరుగుతుంది. నోటితో చెప్పడు. దుంగ దాటలేకపోతన్నాడు. దయచేసి ఆణ్ని కొన్నాళ్లు కింద ఉంచండి. కింద ఉన్నా కూడా వాటా సమానంగా ఇవ్వండి. చిన్నబుచ్చకండి. మాలో అలాగే ఇత్తామండి."

దానికి గుండుసూదితో గుచ్చి, అప్పట్లో చదివినతను ఇంగ్లీషులో రాసిన చీటీ ఉంది. రెండు మూడు ముక్కల సారాంశం. వాటా మాట అందులో లేదు, అర్థం కాక వదిలేసి ఉంటాడు. చివర ఇలా ఉంది: సంతకం లేదు, కింద సిరా మరక.

ఆ మరక చూశాను. మధ్యలో తెల్లగా నిలువు గీత. చుట్టూ అలుక్కుపోయిన సిరా.

సంతకం లేకపోవడమేంటి. మా నాన్నకు వచ్చిన సంతకం అదొక్కటే. ఎవరికీ భయపడకుండా, దాచుకోకుండా, నిండుగా పెట్టాడు. నన్ను పైకి పంపిన కాగితం మీద పెట్టిన వేలే కిందికి రప్పించిన కాగితం మీదా పెట్టాడు. డాక్టరు ఏమైందని అడుగుతున్నాడు. ఏడుస్తున్నానని అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఇంటికెళ్లి మా ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. నాన్న రాయించాడని చెప్పాను. ఆవిడ చేట పక్కన పెట్టింది.

"తెలుసండి. మావయ్యగారు వచ్చి కవరు అడిగేరు. ఏ పేరు కొట్టెయ్యాలో కూడా నేనే చూపించాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీకు నా మీద కోపం వస్తే ఏడాదికో రెండేళ్లకో పోద్ది అనుకున్నానండి. ఆయన మీద వస్తే ఆయన తట్టుకోలేరు."

మూడేళ్లు పట్టిందని నేనూ అనలేదు, ఆవిడా అనలేదు. క్షమించమని అడిగాను. "కూర్చోండి, అన్నం పెడతాను" అంది. ఆ రోజు పీట ఊపకుండా కూర్చున్నాను.

ఆ వారంలోనే ఇద్దరం ఊరెళ్లాం. నాన్న తోటలో ఉన్నాడని అమ్మ చెప్పింది. దుంగ మీద నుంచి దాటడం నావల్ల కాదు కాబట్టి చుట్టూ తిరిగే వెళ్లాను. బాబాయ్ చెట్టు మీద ఉన్నాడు. నాన్న కింద కాయలు ఏరుతున్నాడు. ఆ ఉత్తరం పోస్టులో వేసిన వారమే ఆయన తన తాళ్లు బాబాయ్‌కి ఇచ్చేశాడని, కొడుకుని దించి తను ఎక్కడం న్యాయం కాదన్నాడని అమ్మ ఇంటి దగ్గరే నాకు చెప్పింది. ఆసామి నన్ను చూసి కుర్చీ తెమ్మని కేకేశాడు. నేను వెళ్లలేదు.

నాన్న దగ్గరికెళ్లి, "ఉత్తరం చూశాను నాన్నా" అన్నాను.

నాన్న బుట్ట దించి, చేతులు పంచెకు తుడుచుకుని నా ముఖంలోకి చూశాడు. ఆ కళ్లు అప్పటికే సగం మసక. ఎందుకు రాయించాడో చెప్పలేదు, కోపం వచ్చిందా అని అడగలేదు.

"వాటా సమానంగా ఇచ్చేరా?" అన్నాడు.

నేల మీదికి దిగిన నెలలోనే ఎగిరేవాళ్లకిచ్చే అలవెన్సు తీసేశారు. ప్రమోషను జాబితాలో నాకంటే చిన్నవాళ్లు ముందుకి వెళ్లిపోయారు. మెస్సులో పైలట్ల బల్ల దగ్గర నా కుర్చీలో ఇంకొకడు కూర్చుంటున్నాడు.

"ఇచ్చేరు నాన్నా. సమానంగానే ఇచ్చేరు" అన్నాను.

నాన్న చాలాసేపు నా ముఖం అలాగే చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియదు. తరవాత బుట్టకి ఒక పక్క తను పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టుకోమన్నాడు.